దయామణి నీడ

చాట్రాయి పక్కన ఆ ఊళ్ళో మే నెల పొద్దు ఒక వరసలో మొదలవుతుంది. ముందు కాయ కోసేవాళ్ళు గెడలు భుజాన వేసుకుని తోటలకి పోతారు. తర్వాత పాలబండి వస్తుంది. ఆ తర్వాత ఎండ నేల మీద పడీ పడగానే దయామణి నీడ పరుగుకి బయల్దేరుతుంది.

"ఆ మంచం కాస్త పక్కకి లాగండి, నీడ వచ్చే వేళయింది" అంటారు వీధిలో ఎవరో ఒకరు. మంచం జరుగుతుంది. నీడ గుమ్మం దిగి, చర్చి పక్కగా, సువర్ణరాజు మాస్టారి అరుగు ముందునుంచి కాలవ గట్టు దాకా పోయి, ఏడింటికి చర్చి గంట కొట్టేలోపు తిరిగొచ్చి దయామణి కాళ్ళ దగ్గర సర్దుకుంటుంది. అడుగుల చప్పుడుండదు. కుక్కలు కూడా మొరగవు, వాటికీ అలవాటే. మబ్బు పట్టిన రోజు మాత్రం దానికి సెలవు.

దయామణికి యాభై ఏళ్ళు. మామిడి షెడ్డులో కాయ గ్రేడింగు చేస్తుంది. కుడి మోకాలు అరిగి నడకలో కుంటు వచ్చింది గానీ, పదహారేళ్ళప్పుడు ఈ మనిషే చెప్పుల్లేకుండా నాలుగొందల మీటర్లు పరిగెత్తి జిల్లా మొత్తానికి ఫస్టు వచ్చింది. రాష్ట్రం పోటీలకి పిలుపొచ్చింది. బస్సెక్కాల్సిన రోజుకి ఇంట్లో తల్లికి టైఫాయిడ్, తోటలో కోత. దయామణి ఆగిపోయింది. నీడ ఆగలేదు. ఆ పొద్దున మొదలుపెట్టిన పరుగు, ముప్పై నాలుగేళ్ళయినా మానలేదు.

దయామణి కూతురు షాలోమి. నూజివీడు బస్టాండు ఎదురుగా కిషోర్ బాబు గారి ప్రింటింగు షాపులో డిజైన్లు చేస్తుంది. డిజైన్లంటే ఏముంది, మామిడి అట్టపెట్టెల మీద వేసే బొమ్మలే. ఆ పెట్టెలకి రెండు వైపులా గాలి కోసం గుండ్రటి చిల్లులుంటాయి. ఆ పిల్ల కొత్తలో ఆ సంగతి మరిచిపోయి ఒక రైతుగారి ఫొటో వేస్తే, పెట్టె తయారయ్యేసరికి ఆయన కన్నున్న చోట చిల్లు పడింది. ఆయన షాపుకొచ్చి చేసిన రభస నూజివీడంతా విన్నది. అప్పటినుంచి షాలోమి ఏ బొమ్మ మొదలుపెట్టినా, ముందు రెండు గుండ్రటి ఖాళీలు వదిలి గానీ గీత గీయదు.

ఆ ఏడు విశాఖలో ఆసియా, ఆఫ్రికా దేశాలన్నిటికీ కలిపి పెద్ద పరుగు పోటీలు పెడుతున్నారు. ఆ పోటీలకి లోగో ఎవరైనా గీసి పంపొచ్చని పేపర్లో వేశారు. షాలోమి కూడా ఒకటి పంపింది. వేలల్లో వస్తే ఐదుగురిని ఏరారు, అందులో ఈ పిల్ల పేరుంది. పది రోజుల్లో చివరి బొమ్మ పంపాలి. గెలిచినవాళ్ళు, వాళ్ళతో ఇంకో ఇద్దరు, ప్రారంభం రోజున స్టేడియంలో ట్రాకు పక్కనే కూర్చోవచ్చని కింద రాసి ఉంది. షాలోమి ఆ ఒక్క లైను నాలుగుసార్లు చదివింది. బహుమతి సంగతి ఆ పిల్లకి పట్టలేదు. అమ్మ చూడాల్సిన స్టేడియం అమ్మకి చూపించాలి, అంతే.

తీరా గీయడానికి కూర్చుంటే చెయ్యి తిరగలేదు. ఆరేళ్ళుగా మామిడికాయలు గీసిన చెయ్యి, మనిషిని గీసినా మామిడికాయే వస్తోంది.

"ఈ పరిగెత్తేవాడికి తొడిమ ఒక్కటే తక్కువమ్మా" అన్నారు కిషోర్ బాబు గారు, స్క్రీన్‌లోకి తొంగిచూసి.

ఏడు రోజులు అలాగే గడిచాయి. ఎనిమిదో రోజు పొద్దున షాలోమి ఒక పాత ఫ్లెక్సీని తిరగేసి, తెల్లటి వైపు పైకి వచ్చేలా వీధిలో పరిచింది. మార్కరు పట్టుకుని పక్కన కూర్చుంది. నీడ వచ్చింది, ఫ్లెక్సీ మీదుగా పోయింది. షాలోమి మార్కరు మూత కూడా తియ్యలేదింకా.

"అమ్మా, ఒక్క క్షణం ఆగమని చెప్పవే దానికి."

"నా మాట వింటే నాతోనే ఉండేది కదే" అంది దయామణి, మోకాలికి నూనె రాసుకుంటూ. "అది ఎవరి మాటా వినదు."

అరుగు మీద కూర్చున్న సువర్ణరాజు మాస్టారు ఇదంతా చూశారు. ఆయనకి ఎనభై దాటాయి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశారు. దయామణికి పరుగు నేర్పింది ఆయనే. రాష్ట్రం పోటీలకి టికెట్టు కొన్నదీ ఆయనే. రోజూ తన ముందునుంచే పోతున్న ఆ నీడని ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా పిలవలేదు. పిలిచే హక్కు తనకి లేదనుకున్నారో ఏమో.

మర్నాడు పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఈల వేలాడదీసుకుని వచ్చారు. షాలోమి మళ్ళీ పరిచిన ఫ్లెక్సీ మీద ఎర్ర సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీశారు.

"ఎందుకు మాస్టారూ శ్రమ" అంది దయామణి.

"నువ్వుండవమ్మా."

నీడ గుమ్మం దిగింది. మాస్టారు గొంతు సవరించుకుని, ఒకప్పుడు స్కూలు గ్రౌండులో అరిచినట్టే అరిచారు. "ఆన్ యువర్ మార్క్."

నీడ గీత దగ్గరికొచ్చి నిలబడింది. వంగింది. రెండు చేతులూ గీత వెనక ఆనించి, ఒక మోకాలు నేలకి దించింది.

"సెట్."

నడుం పైకి లేచింది. అక్కడే ఆగింది. మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నారు గానీ ఊదలేదు. షాలోమి మోకాళ్ళ మీద పడి గీయడం మొదలుపెట్టింది. వేళ్ళు, భుజం, వంచిన మెడ, వెనక్కి చాచిన మడమ. ఈల ఊదే దాకా కదలకూడదని పదహారేళ్ళ పిల్లకి నేర్పిన పాఠం ఆ నీడ మరిచిపోలేదు. దయామణి గుమ్మం పట్టుకుని నిలబడి, అప్పటి తన ఒళ్ళు తానే చూసుకుంది. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

"అయిందండి" అంది షాలోమి. మాస్టారు ఈల ఊదారు. నీడ దూసుకుపోయింది.

ఆ మధ్యాహ్నమే షాపులో బొమ్మని కంప్యూటరుకెక్కించి పంపేసింది. పంపాక కిషోర్ బాబు గారు చూసి తల పట్టుకున్నారు. నల్లటి మనిషి ఆకారంలో రెండు గుండ్రటి చిల్లులున్నాయి. ఒకటి గుండె మీద, ఒకటి మడమ మీద.

"అట్టపెట్టె కాదు కదమ్మా అది."

షాలోమి అప్పుడే చూసుకుంది. అలవాటు చొప్పున పెట్టేసింది. ఫోను చేసి మార్చి పంపుతానంటే, ఒకసారి పంపాక మార్చడం కుదరదన్నారు. అమ్మని ట్రాకు పక్కన కూర్చోబెట్టే దారి తన చేత్తోనే మూసుకున్నానని ఆ పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మూడో రోజు విశాఖ నుంచి వీడియో కాల్ వచ్చింది. బల్ల చుట్టూ లోగో ఏరే పెద్దలు ఐదుగురు. వాళ్ళలో తెల్లజుట్టు ఆవిడ ఇంగ్లీషులో ఏదో అడిగింది. పక్కనున్నాయన తెలుగులో చెప్పాడు. "ఆ రెండు చిల్లులు ఎందుకని అడుగుతున్నారండి."

గొప్పగా ఏదైనా కల్పించి చెప్పమని కిషోర్ బాబు గారు సైగ చేశారు. షాలోమికి కల్పించడం రాదు.

"గాలి కోసమండి" అంది. "మాది మామిడికాయల ఊరు. పెట్టెలో కాయకి ఊపిరాడాలని చిల్లులు పెడతాం. ఆ అలవాటుతో ఇక్కడా పెట్టేశాను. తప్పే, క్షమించండి."

ఆయన ఆవిడకి చెప్పాడు. ఆవిడ బొమ్మని దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత రెండే మాటలు అంది. "తియ్యొద్దంటున్నారు" అన్నాడాయన.

నవంబరులో షాలోమి, దయామణి, సువర్ణరాజు మాస్టారు విశాఖ వెళ్ళారు. స్టేషన్లో, బస్సుల మీద, దీపస్తంభాలకి కట్టిన జెండాల మీద ఎక్కడ చూసినా పదహారేళ్ళ దయామణి గీత దగ్గర వంగి ఉంది. సాయంత్రం స్టేడియంలో లైట్లు వేశారు. ఆ లైట్లకి అందరికీ తలా నాలుగు నీడలు పడ్డాయి. దయామణికి ఒకటే పడింది. అది కాసేపు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, లేచి, మెల్లగా ట్రాకు మీదికి దిగింది.

"మాస్టారూ" అంది దయామణి. ఆయన అప్పటికే ఈల తీశారు. గీత దగ్గర నీడ వంగింది. కాపలాగా ఉన్న పోలీసాయన చూసి, అడ్డంగా ఉన్న తాడు కొంచెం పక్కకి లాగాడు.

ఈల మోగింది. నాలుగొందల మీటర్లు, ఒక చుట్టు. చివరి మలుపు దగ్గర దయామణి షాలోమి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నీడ గీత దాటి, నాలుగడుగులు నడిచి ఆయాసం తీర్చుకుని, తిరిగొచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఒదిగింది.

"ప్రభువా, నీకు స్తోత్రం" అంది దయామణి. మాస్టారి చేతులు రెండూ కళ్ళకద్దుకుంది. "మీరు కొన్న టికెట్టు ఇన్నాళ్ళకి పనికొచ్చిందండి." తర్వాత కూతురి తల నిమిరింది.

ఊరికొచ్చిన మర్నాడు ఎండ పడింది. వీధిలోవాళ్ళు మంచాలు పక్కకి లాగి చూశారు. నీడ బయల్దేరలేదు. దయామణి గుమ్మం దిగితే, ఆమె వెంటే బుద్ధిగా దిగింది. ఆమె కిందికి చూసి, "చాల్లే, ఇక నా వంతు" అని చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

కాసేపటికి అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చున్న సువర్ణరాజు మాస్టారికి చప్పుడు వినిపించింది. చర్చి మలుపు వైపునుంచి, ఒకటి గట్టిగా ఒకటి మెత్తగా, ఆ దారిలో ఇన్నేళ్ళకి మొదటిసారి, అడుగుల చప్పుడు.