ఊట దగ్గర బఠాణీ సూపు

ముందు రోజు రాత్రే నానబెట్టిన బఠాణీలు పెద్ద డేగిసాలో కుతకుత ఉడుకుతున్నాయి. "నీ సూపు లేకపోతే అది తాల్కోతేనా, ఇర్మెలీ!" అని పొద్దున్నే భుజం తట్టి వెళ్ళాడు మొగుడు తౌనో. తాల్కోత్ అంటే ఊరంతా కలిసి కూలి తీసుకోకుండా చేసే పని. చెక్కలు మోసినవాళ్ళ పేర్లు ఊరి సంఘం గోడకెక్కుతాయి. సూపు కాచినవాళ్ళవి ఎవరికీ గుర్తుండవు.

అత్తగారు హిల్యాకి పక్షవాతం వచ్చినప్పుడు కూడా తౌనో ఇలాగే భుజం తట్టాడు. "అమ్మకి నువ్వైతే అలవాటు కదా" అన్నాడు. ఆ ఒక్క మాటతో తన వాటా దులిపేసుకున్నాడు. ఇర్మెలి లైబ్రరీ ఉద్యోగం సగానికి తగ్గించుకుంది. స్నానం, మందులు, తల దువ్వడం, చక్రాల కుర్చీ తొయ్యడం అన్నీ ఆమెవే. అన్నీ చేయించుకుంటూనే, "సూపులో ఉప్పు తక్కువైందే పిల్లా" అనేది ముసలావిడ. మండిపోయేది ఇర్మెలికి. కానీ ఈ వేసవిలో హిల్యా మొదటిసారి ఒక కోరిక కోరింది. చిన్నప్పుడు దోసిలి పట్టి తాగిన ఊట నీళ్ళు ఇంకోసారి తాగాలట.

ఆ ఊటతో నిండే చెరువు చుట్టూ పార్కులో కొత్త బాట వేస్తున్నారు. 'అందరి బాట' అని బోర్డు ముందే పెట్టేశారు. కంకర దారి చదునుగానే ఉంది. ఊట దగ్గరికి వెళ్ళే చిత్తడి నేల మీద మాత్రం, తాతల నాటి అలవాటు కొద్దీ, రెండే చెక్కలు పక్కపక్కన పరిచారు.

"చక్రాలు ఎక్కడ పెట్టను, తౌనో? పిల్లల బండి కూడా పట్టదు."

"మా నాన్న కూడా రెండే వేశాడు. మిగిలిన చెక్కలు మాంసం కాల్చుకునే పాకకి. నువ్వు సూపు సంగతి చూడు."

సరే, సూపు సంగతే చూద్దామనుకుంది ఇర్మెలి.

మధ్యాహ్నం మగవాళ్ళు చేతులు కడుక్కుని వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. చెక్కల మొదట్లో చక్రాల కుర్చీలో హిల్యా కూర్చుని ఉంది, ఒళ్ళో గరిటెతో.

"సూపేదీ?" అన్నాడు ఒస్మో. తౌనో చిన్ననాటి నేస్తం అతను.

"ఊట దగ్గర," అంది ఇర్మెలి. పక్కింటి సైమి, తను చెరో చెవి పట్టుకుని డేగిసాని ఆ రెండు చెక్కల మీదే మోసుకెళ్ళి పెట్టొచ్చారు. "అత్తయ్య అక్కడికి చేరాక వడ్డిస్తాం."

తౌనో దగ్గరికొచ్చి పళ్ళు నూరాడు. "అందరి ముందూ నా పరువు తీస్తావా? మెల్లగా మాట్లాడు."

ఇర్మెలి పెళ్ళయినప్పటి నుంచి ఈ మాటకి గొంతు తగ్గిస్తూనే వచ్చింది. ఈసారి తగ్గించలేదు. "బోర్డు మీద అందరూ అని రాసింది నువ్వే. మీ అమ్మ అందులో లేదా?"

ఒస్మో చెక్కలెక్కబోయాడు. హిల్యా గరిటె ఆడించింది. "ఇది లేకుండా ఎలా తింటార్రా, మూతి పెట్టి జుర్రుకుంటారా? ఒరేయ్ తౌనో, ఈ పిల్ల సూపుకి ఇన్నాళ్ళూ వంకలు పెట్టాను. ఇవాళ్టి సూపుకి ఒక్క వంకా లేదు."

ముందు నవ్వింది ఒస్మోనే. పాక కోసం దాచిన చెక్క ఒకటి భుజాన వేసుకున్నాడు. మిగతా పని ఆకలి చేసింది.

ఎండ వాలేసరికి బాట వెడల్పైంది. "నువ్వు తొయ్యి," అంది ఇర్మెలి మొగుడితో. కొంచెం దూరం తోశాక, "ఇంత బరువా?" అన్నాడతను రొప్పుతూ. ఆమె చేతులూపుకుంటూ ముందు నడిచింది. ఆ తేలిక ఒళ్ళంతా తెలుస్తోంది.

హిల్యా ఆడే చెయ్యి నీళ్ళలో ముంచి, తాగి, మొహం తడుపుకుంది. సూపు చల్లారిపోయింది. అయినా ఎవరూ చుక్క మిగల్చలేదు.

"వచ్చే తాల్కోత్‌లో కూడా ఇదే సూపు కావాలి," అన్నాడు ఒస్మో మూతి తుడుచుకుంటూ.

ఇర్మెలి గరిటెని తౌనో చేతిలో పెట్టింది.

"బఠాణీలు ముందు రోజు రాత్రే నానబెట్టాలి, తౌనో. మర్చిపోకు."