మొదటి కాపు బాదం

యుద్ధంలో మా దేశాన్ని ఆక్రమించిన జర్మన్ సైనికులు మా అన్న యాకోవిస్‌ని కాల్చి చంపినప్పుడు నాకు ఆరేళ్ళు. ఆ రోజు మా ఊళ్ళో పోయింది పదకొండు మంది. ఏటా సెప్టెంబరులో వాళ్ళ పేర్లు చదివి, ఉడికించిన గోధుమల్లో చక్కెర, దానిమ్మ గింజలు, బాదం కలిపి చర్చి ముందు పంచుతాం. ఆ పళ్ళెం ఒక్క ఇంటిది కాకూడదు. ఇంటికో దినుసు రావాలి.

కొండ మీద ఇల్లు కొనుక్కున్న ఫోల్క్‌మార్ కూడా జర్మనే. వడ్రంగం చేసి రిటైరయ్యాడు. పద్నాలుగేళ్ళుగా ప్రతి సెప్టెంబరులోనూ వెనక వరసలో నిలబడి, రెండు చేతులూ పట్టి ఆ గోధుమలు తీసుకునేవాడు.

జర్మనీకి కట్టాల్సిన అప్పు కోసం మా పింఛన్లు మూడోసారి కోసిన ఏడాది, పళ్ళెం కలిపే వంతు మాది. ఫోల్క్‌మార్ సంచీతో మా ఇంటికొచ్చాడు.

"మనూసోస్, దారి పక్క నా బాదం చెట్టు మొదటి కాపు. మొత్తం తెచ్చాను. నేనింకా రుచి కూడా చూడలేదు. ముందు మీ వాళ్ళకి."

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. కాఫీ కొట్టు టీవీలో జర్మనీ మంత్రి ఎవరో మేం ఇంకా పొదుపు చెయ్యాలంటున్నాడు. కొట్టు నడిపే కనాకిస్ నా వైపు తిరిగాడు.

"విన్నావా బాబాయ్? వాళ్ళకీ మనకీ డబ్బు ఒకటే అన్నారు. పెట్టె తాళం మాత్రం వాళ్ళ దగ్గరేనట."

"దానికి ఫోల్క్‌మార్ ఏం చేశాడ్రా?"

"ఏం చెయ్యలేదు. ఆ బాదం పళ్ళెంలో పడితే మాత్రం మా తాత పేరు చదవద్దు."

వాడితో వాదించే ఓపిక లేదు. ఫోల్క్‌మార్‌వి కాదని ఇంకొకరి బాదం వెయ్యడానికి మనసొప్పలేదు. అసలు బాదమే వద్దన్నాను.

"చచ్చినవాళ్ళకి కూడా కోతేనా?" అంది నా భార్య రోదాంతి.

"ఉన్నవాటితో కలిపెయ్యవే. విసిగించకు."

చర్చి ముందు ఫోల్క్‌మార్ అరచేతిలో గోధుమల్ని వేలితో కదిపి చూశాడు.

"నా బాదం లేదే?"

"చేదుగా ఉన్నాయి" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఆయన మొహం ఎర్రబడింది. "అయ్యో! పిల్లలెవరూ తినలేదు కదా?"

చేదు బాదం చెట్టుని మా ఊళ్ళో దారి పక్కన ఉండనివ్వం, కొట్టేస్తాం. పిల్లలు తింటే ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి ఆయనకి ఎప్పుడో చెప్పింది నేనే. ఆ క్షణంలో అది నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే కొండ మీంచి రంపం చప్పుడు వినపడింది. చొక్కా తగిలించుకుని బయల్దేరాను. మలుపులో కాఫీ కొట్టు ముందు కనాకిస్ బల్లలు తుడుస్తున్నాడు.

"ఎక్కడికి బాబాయ్ ఆ పరుగు? నీ జర్మన్ దగ్గరికేనా?"

"మేక తప్పిపోయింది."

"మేకలమ్మేసి రెండేళ్ళయింది కదయ్యా!" అని పగలబడి నవ్వి, కుర్చీ లాగాడు. "కూర్చో, కాఫీ పెడతా."

కొండ వైపు ఒకసారి చూసి, కూర్చున్నాను. కాఫీ వచ్చేసరికి పైన చప్పుడు ఆగిపోయింది.