కూర్చోబెట్టి కొలత

టైలరమ్మకు వీధిలో మంచి పేరుంది గానీ ఆమె బండికి మాత్రం లేదు. అసలే చిన్న కారు. దానికి పొట్టి స్ప్రింగులు వేయించి ఇంకా కిందికి దించింది. "నీ బండి ఎక్కడం కాదమ్మా, అందులోకి దిగాలి" అని చుట్టుపక్కల వాళ్లు వెక్కిరిస్తే నవ్వి ఊరుకునేది. బట్ట ఒంటికి అతికినట్టుంటేనే అందమని, బండి నేలకు దగ్గరగా ఉంటేనే అందమని ఆమె లెక్క. లూజు చొక్కా వేసుకున్న మనిషి కనిపించినా, చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య జానెడు సందున్న కారు కనిపించినా ఆమె చేతులు ఊరుకునేవి కావు.

ఆ ఇంట్లో ఆమె బండిని మెచ్చుకునే మనిషి ఒక్క మామగారే. ఆయన బతుకంతా బస్సు నడిపినవాడు. చూపు మందగించి స్టీరింగు వదిలేశాక, ఆదివారం పొద్దున కోడలి పక్క సీట్లో కూర్చుని డిపో దాకా వెళ్లడమే ఆయనకు మిగిలిన ముచ్చట. అక్కడ పాత డ్రైవర్లూ కండక్టర్లూ టీ తాగుతూ ఎదురుచూస్తుంటారు. దారి పొడుగునా "గేరు మార్చు," "ఆ ముందువాడు తిన్నగా పోయే రకం కాదు, వాడికి దూరంగా ఉండు" అంటూ కూర్చున్న చోటి నుంచే బండి నడిపేవాడు. ఇంకొకరైతే విసుక్కునేవారు. చిన్నప్పుడే తండ్రి పోయిన టైలరమ్మకు మాత్రం ఆ సణుగుడు వింటుంటే ప్రాణం హాయిగా ఉండేది.

అంతా చక్రాల దగ్గర చెడింది. దించిన బండికి పాత పద్నాలుగు అంగుళాల చక్రాలు బోసిగా కనిపించాయి. టైలరమ్మ ఇంటి ముందు బండి పక్కన బోర్లా పడుకుని టేపుతో కొలిచింది. టైరు మీది అంకెలు ఆమెకు చొక్కా సైజుల్లా ఇట్టే అర్థమయ్యాయి. మొదటిది వెడల్పు, రెండోది ఆ వెడల్పులో నూటికి ఎన్ని పాళ్లు ఎత్తో చెప్పేది, మూడోది లోపల పట్టే చక్రం. నూట తొంభై ఐదు, యాభై ఐదు, పదిహేను. చక్రం రేకు అంచుకు సమానంగా బయటికి రావాలి. ఇదీ ఆమె తేల్చిన సైజు.

"కాస్త బిగుతవుతుందేమో చూసుకోమ్మా," అన్నాడు టైర్ల షాపాయన.

"నా టేపు అబద్ధం చెప్పదు," అంది టైలరమ్మ.

ఆ ఆదివారం కొత్త చక్రాల సంబరానికి అత్తగారూ భర్తా కూడా ఎక్కి వెనక కూర్చున్నారు. భర్త బాగా ఒళ్లు చేసిన మనిషి. తల్లి పోలిక. డిపో గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ దిగుతూ మలుపు తిప్పేసరికి, ముందు చక్రం రేకుకు రాసుకుని గర్రుమంది. టీ తాగుతున్న వాళ్లందరూ తలలు తిప్పారు.

"డ్రైవరుగారూ, దిగి నెట్టమంటారా," అని పాత కండక్టరు ఎంతో మర్యాదగా అడిగాడు.

బస్సుకు ఒక్క గీత పడనివ్వకుండా రిటైరైన మనిషికి తల కొట్టేసినట్టయింది. "ఈ బండిలో ఇక కాలు పెట్టను," అని దిగిపోయి, బస్సెక్కి ఇంటికొచ్చాడు. అసలే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. తరవాతి ఆదివారం కూడా బస్సులోనే వెళ్లాడు. సీటు దొరక్క ఆ కళ్లతో, ఆ మోకాళ్లతో నిలబడే వెళ్లాడని తెలిసి కోడలికి తిండి సయించలేదు.

"పాత స్ప్రింగులు వేయించెయ్, గొడవ వదిలిపోతుంది," అన్నాడు భర్త.

బండి అలాగే ఉండాలి, మామగారూ పక్కన ఉండాలి. రెండూ కావాలనుకోవడం అత్యాశేనని ఆమెకూ తెలుసు. అయినా ఏదీ వదులుకోబుద్ధి కాలేదు. చక్రాలు వెనక్కి తీసుకుని వేరేవి ఇవ్వమని షాపాయన్ని బతిమాలింది.

"అసలు బండిని ఎలా కొలిచారమ్మా," అన్నాడాయన.

"ఎలాగేముంది, నిలబెట్టి," అంటూనే ఆమె నాలుక కరుచుకుంది.

ఎందుకంటే ప్యాంటు కుట్టేటప్పుడు ఎంత గొప్పవాణ్నయినా ఒకసారి కుర్చీలో కూర్చోబెట్టి చూడందే ఆమె కత్తెర పెట్టదు. నిలబడ్డప్పుడు అందరికీ సరిపోతుంది, చిరిగేది కూర్చున్నప్పుడే అని దుకాణానికొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పే మనిషి. తన బండిని మాత్రం మనిషన్నవాడు లేకుండా కొలిచింది.

ఆ పై ఆదివారం పొద్దున్నే షాపు తెరిపించి అత్తగారినీ భర్తనూ వెనక కూర్చోబెట్టింది. తాను స్టీరింగు ముందు కూర్చుంది. పక్క సీట్లోకి తన దుకాణంలోని బట్టల మూటలు ఎక్కించి, బెల్టు పెట్టింది. ఇంటి దగ్గరే వాటిని తూకం వేసి తెచ్చింది. మామగారి బరువెంతో అత్తగారిని అడిగి తెలుసుకుంది.

షాపాయన వంగి, చక్రం పక్కన తల పెట్టి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పమన్నాడు. "ఆ మూటలు తీసేస్తే వెడల్పు టైరే ఉంచుకోవచ్చమ్మా. కాస్త లోపలికి కూర్చునే చక్రం వేస్తే చాలు. పెద్దాయన ఎలాగూ ఎక్కనన్నారుగా."

టైలరమ్మ ఆ నిండైన టైరు వైపు ఒకసారి ఆశగా చూసింది. "ఆ సీటు ఖాళీ కాదండీ," అంది.

నూట ఎనభై ఐదు, యాభై ఐదు, పదిహేను. లోపలికి కూర్చునే చక్రాలు. నలుగురి బరువుతోనూ చక్రానికీ రేకుకీ మధ్య వేలు దూరింది.

"వెనక నుంచి చూస్తే బక్కగా ఉన్నాయేమో," అన్నాడు భర్త దిగుతూ.

"నీ పక్కన ఏం పెట్టినా బక్కగానే ఉంటుందిరా," అంది అత్తగారు.

వాళ్లు ఇంటికి చేరేసరికి మామగారు బస్సు కోసం చెప్పులు వేసుకుంటున్నాడు. బండి లోపలికి కళ్లు చికిలించి చూశాడు. "నా సీట్లో ఎవరది?"

"మీరే," అంది అత్తగారు. "మీరు రానన్నారుగా. మీ కోడలు మిమ్మల్ని మూటగట్టి తీసుకెళ్లింది."

ఆయన తలుపు తీసి మూటల్ని చేత్తో తడిమి చూశాడు. "ఇన్ని మూటలా నేను?"

"అన్నీ మీరే మామయ్యా. అవి తీసేస్తే నేను కోరుకున్న టైరే పట్టేది. తియ్యబుద్ధి కాలేదు," అంది టైలరమ్మ.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మూటలు ఒక్కొక్కటే తీసి కొడుకు చేతుల్లో పెట్టాడు. వంగి, మూలుగుతూ, బండిలోకి దిగి కూర్చుని బెల్టు లాక్కున్నాడు.

"పద అమ్మాయ్, డిపోకి. మీరూ ఎక్కండి, అందరూ ఉండాలి. గేటు దగ్గర నిండా తిప్పు. వాళ్లంతా వినాలి."

"ఏమీ వినపడదు కదా మామయ్యా."

"అదే వినాలి. గేరు మార్చు."