తుల్సీరాం జీపు ఏం రంగు?

జంపయ్య ఆ బొమ్మ జీపు మొదలుపెట్టింది మాటల కోసం.

ఆయనకు మాటలు రావని కాదు, వాడకం తక్కువ. పెనుబల్లి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నలభై ఏళ్లు లారీలకూ ట్రాక్టర్లకూ జీపులకూ రంగులు వేశాడు. మూడో తరగతితో బడి మానేసినా నంబరు ప్లేటు మీద అంకెలు అచ్చు గుద్దినట్టు రాసేవాడు. "రేపు రా", "ఆరలేదు" అనే రెండు ముక్కలతోనే తన మొగుడు దుకాణం నడిపాడని ఎర్రమ్మ అంటుంది. ఆయన వాటా మాటలు కూడా తుల్సీరామే మాట్లాడేవాడు.

తుల్సీరాం జీపు డ్రైవరు. పెనుబల్లి నుంచి అడవి అంచు ఊళ్లకు ముప్పై ఏళ్లు జనాన్ని మోశాడు. తొమ్మిది మంది పట్టే బండిలో ఇరవై మందిని, రెండు మేకల్ని, పైన ఒక పెళ్లి మంచాన్ని ఎక్కించేవాడు. పొద్దున్నే షెడ్డు ముందు బండి ఆపి టీ గ్లాసు పట్టుకున్నాడంటే, ఎవరి కోడిపుంజు ఎవరి పెరట్లో దూరింది అన్న దగ్గర మొదలుపెట్టి లోకమంతా తిరిగి వచ్చేవాడు. జంపయ్య రంగు కలుపుతూ వినేవాడు. అప్పుడప్పుడు "ఊ" అనేవాడు.

పోయిన ఎండాకాలం ఆ జీపును ముక్కలుగా కోసి పాత ఇనుము కింద తీసుకుపోయారు. ఆ రోజు నుంచి తుల్సీరాం నోటికి తాళం పడింది. టీకి వస్తాడు, కూర్చుంటాడు, గ్లాసు కడిగి బోర్లించి పోతాడు. మాట్లాడని మనుషులు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే ఈగల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఏడాదిలోనే జంపయ్యకు విసుగొచ్చింది. వాడి నోరు తెరిపించాలి. మాటలతో తన వల్ల కాదు, చేతులతో అవుతుందేమో చూద్దామనుకున్నాడు.

జానెడున్నర పొడవు జీపు. కూల్‌డ్రింకు డబ్బాలు కత్తిరించి, బండతో సాపు చేసి, బానెట్, మడ్‌గార్డులు, తలుపులు ఒక్కొక్కటే వంచాడు. ముందరి జాలీకి గాట్లు హాక్సా బ్లేడుతో కోశాడు. ఇరుసులకు సైకిలు పుల్లలు పెట్టాడు. మందు గోలీల అట్ట మీది బుడగలు రెండు కోసి లోపల వెండి కాగితం అతికిస్తే హెడ్‌లైట్లు అయ్యాయి. స్టీరింగు కోసం సన్న తీగను పెన్ను చుట్టూ చుట్టాడు. సీట్లకు ఆటో సీట్లు కుట్టేవాడి దగ్గర రెగ్జిన్ ముక్క తెచ్చాడు. టైర్ల సంగతే తేలలేదు. రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు ఎర్రమ్మ వాకిట్లో నిలబడి అరిచింది.

"ఏమయ్యా, నా ఎడమకాలు చెప్పు మడమ ఏది?"

జంపయ్య తల ఎత్తలేదు. ఆకురాయితో గుండ్రటి రబ్బరు ముక్కకు గాట్లు తీస్తున్నాడు.

"కుడికాలిది కూడ కోయ్, నడక సమానంగ ఉంటది!" అని ఆమె లోపలికి పోయింది. ఆయన నిజంగానే అదీ కోశాడు. స్టెప్నీతో కలిపి ఐదు టైర్లు కావాలి కదా.

అడుగు పూతగా రెడాక్సైడ్ వేసి ఆరబెట్టాక, చిన్న మూతలో పచ్చ రంగు కలుపుతున్నాడు. అప్పుడే తుల్సీరాం భార్య లాలి కూరగాయల సంచితో వచ్చింది. ఆమె వెనకే పోతయ్య. పోతయ్య ఆ జీపు మీద పన్నెండేళ్లు క్లీనరుగా వేలాడినవాడు, ఇప్పుడు పక్కనే పంక్చర్లు వేస్తాడు. బొమ్మను చూసి ఇద్దరూ నోరు తెరిచారు. తర్వాత లాలి మూతలోకి తొంగి చూసింది.

"అన్నా, గిదేంది? పచ్చ రంగేంది? మా బండి నీలం గదా!"

"నీలమేందక్కా?" అన్నాడు పోతయ్య. "ఎర్రది. దుమ్ము కొట్టినా ఎర్రగనే కొట్టొచ్చినట్టు కనపడేది."

"నువ్వు పుట్టకముందు నేనా బండ్ల ఎక్కి కాపురానికొచ్చిన. నీలం చీర కట్టుకుంటే, బండ్ల పెండ్లిపిల్ల యాడుందో కనపడలేదని మా ఆడబిడ్డ నవ్వింది."

"నేను రోజు కడిగినోణ్ణి! కడిగినోనికి తెల్వదా?"

"పచ్చ" అన్నాడు జంపయ్య.

"ఇగో, మాట్లాడిండు!" అంది గడపలోంచి ఎర్రమ్మ. "ఏసిందే ఆయన. ఆయనకే యాది లేకుంటే ఇంకెవరికుంటది?"

లాలి ఇంటికి పోయి ఫోటో తెచ్చింది. అది రంగుల ఫోటోనే, కాని ఎండ తగిలే గోడకు ఇన్నేళ్లు వేలాడి జీపూ మనుషులూ చెట్లూ అన్నీ గంజి రంగుకు తిరిగాయి. ముగ్గురూ దాన్ని చూసి ముగ్గురూ తమదే గెలిచిందన్నారు.

జంపయ్య మూత పక్కన పెట్టేశాడు. జీపు అంతా కుదిరి రంగు తప్పితే తుల్సీరాం దాన్ని చేతిలోకి కూడా తీసుకోడు, ఎవరిదో బండి అనుకుంటాడు. మర్నాడు టీ దగ్గర గుండె చిక్కబట్టుకుని అడిగాడు.

"బావా, నీ జీపు ఏం రంగు?"

తుల్సీరాం మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "పోయినదానికి రంగేంది బావా" అన్నాడు. గ్లాసు కడిగి పోయాడు.

ఆ మధ్యాహ్నం తుల్సీరాం లేని సమయం చూసి జంపయ్య వాళ్ల పెరట్లోకి వెళ్లాడు, బండిది ఒక బోల్టన్నా మిగలకపోతుందా అని. లాలి కోళ్ల గూడు వైపు చెయ్యి చూపించింది.

"డ్రైవరు పక్క తలుపొక్కటి దాపెట్టిన అన్నా. తీసుకపోనియ్యలే. గూటికి మూతేసిన."

తలుపు మీద ఎర్ర రంగు. పోతయ్య గెలిచాడు అనుకుంటూ జంపయ్య వంగాడు. కోళ్లు ఎక్కి దిగి, గీకి గీకి అంచున ఎరుపు లేచిపోయింది. దాని కింద నీలం. ఆయన జేబులోంచి రంగు గీకే గరుకు వాటర్ పేపరు తీసి, కాస్త తడిపి, రూపాయి బిళ్లంత మేర రుద్దాడు. నీలం కింద తెలుపు. తెలుపు కింద మళ్లీ ఎరుపు, దాని కింద పసుపు, మళ్లీ నీలం. అన్నిటికంటే అడుగున, రెడాక్సైడ్‌ను అంటిపెట్టుకుని, పచ్చ.

జంపయ్య కోళ్ల మధ్య చతికిలబడ్డాడు. నవ్వొచ్చింది. నాలుగైదేళ్లకోసారి, అడవిలో తునికాకు కోతలకు ముందు, తుల్సీరాం జీపు తెచ్చి షెడ్డులో పెట్టేవాడు. "నీ తాన ఏ రంగు మిగిలితే గది పూయి బావా, అడవికి అందమెందుకు" అనేవాడు. ట్రాక్టరుకు వేయగా మిగిలిన ఎరుపు, లారీ బాడీకి మిగిలిన నీలం, ఎవరి గేటుకో తెచ్చిన పసుపు. డబ్బా అడుగున ఉన్నది పారెయ్యడం జంపయ్యకు చేతకాదు. ముప్పై ఏళ్లు తానే పూశాడు. చేతులు పూసుకుంటూ పోయాయి, బుర్రలో మాత్రం మొదటిసారి పూసిన పచ్చే మిగిలింది. లాలికి తను ఎక్కి వచ్చిన నీలం, పోతయ్యకు తను కడిగిన ఎరుపు.

"ఏందన్నా, ఒక్కనివే నవ్వుతున్నవ్?" అంది లాలి.

"అన్నీ" అన్నాడు జంపయ్య.

ఇంటికి వచ్చి మొదటి నుంచి మొదలుపెట్టాడు. పచ్చ, ఆరాక నీలం, ఆరాక పసుపు, ఎరుపు, తెలుపు, మళ్లీ నీలం, పైన ఎరుపు. పూత దళసరి కాకుండా టిన్నరు ఎక్కువ పోసి నీళ్లలా వేశాడు. ఏడు పూతలకు తొమ్మిది రోజులు పట్టింది. అప్పుడు వాటర్ పేపరును గోరంత ముక్క చేసి, కళ్లద్దాలు ముక్కు చివరికి లాక్కుని, జనం చేతులు పడ్డ చోటల్లా రుద్దాడు. డ్రైవరు మోచెయ్యి ఆనించే తలుపు అంచున పచ్చ దాకా. పోతయ్య వేలాడే వెనక కడ్డీ దగ్గర నీలం దాకా. లాలి మిరపకాయలు ఎండబోసే బానెట్ మీద ఒకింత పసుపు. చివరికి అసలు రోడ్డు మీది ఎర్రమట్టి జల్లెడ పట్టి కింది భాగమంతా ఊదాడు.

సోమవారం పొద్దున తుల్సీరాం వచ్చి కూర్చున్నాడు. జంపయ్య టీ గ్లాసు పెట్టి, పక్కనే జీపు పెట్టాడు.

తుల్సీరాం గ్లాసు అందుకోలేదు. చూశాడు. తల ఇటు వంచి చూశాడు, అటు వంచి చూశాడు. వేలు చాచి డ్రైవరు తలుపు అంచు మీద మెల్లగా నడిపాడు. ఎరుపు, నీలం, పసుపు దాటి వేలు పచ్చ మీద ఆగింది. మోచెయ్యి తనంతట తాను పైకి లేచి, ఉత్త గాలిలో ఒక తలుపు మీద ఆనుకున్నట్టు నిలిచింది. పంక్చరు తొట్టి దగ్గర పోతయ్య చేతిలో ట్యూబు అట్లాగే ఉండిపోయింది.

"బావా" అన్నాడు తుల్సీరాం. "నీకు కండ్లున్నయా?"

జంపయ్య జీపును వెనక్కి తీసుకోబోయాడు.

"ఎడమ దిక్కు మెట్టు గింత సాపుగ ఉంటదా? నీ బుద్ధి ఏడ బోయింది? ముప్పై ఏండ్లు జనం నిలవడ్డ మెట్టది! కుక్క నాలుక లెక్క కిందికేలాడుతుండే. ఇగ గా హారన్? నా హారన్ నొక్కితే ఏడ మోగింది? వైరు బయటికి తీసి బానెట్‌కు తాకిస్తే మోగేది. వైరేది?"

జంపయ్య పట్టకారు తీసి మెట్టు వంచాడు.

"ఇంకొంచెం. ఇంకా. ఆఁ, అబ్బ, పెరికేస్తవా ఏంది, ఆగు! అరే పోతిగా, ఇటు రా. నువ్వేలాడే కడ్డీ గిట్లనే ఉండెనా?"

"గిట్లనే ఉస్తాద్, గని నా తుండుగుడ్డ కట్టి ఉండేది."

"ఇన్నవా బావా? తుండుగుడ్డ లేదు!"

ఎర్రమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఎవలతోని లొల్లి?"

"నీ మొగనితోనే అక్కా! ఇన్ని దినాలు కూసోని బండి తయారు చేసిండు, ఖాళీగ పెట్టిండు. నా బండి ఒక్క దినమన్న ఖాళీగ పోయిందా? మనుషులేరి? ఇరవై మంది కావాలె. మేకలు రెండు."

జంపయ్య చూరులోంచి ఒక వెదురు పుల్ల లాగి, కత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"ముందు సీట్ల ఎవలు?" అని అడిగాడు.

తుల్సీరాం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. టీ చల్లారి మీగడ కట్టింది. "ముందు సీట్లనా? గదే చెప్తున్న, ఇను. ఒక తాతుండె, ఎడమ చెవి ఇనపడదు. అందుకని ఎప్పుడు నా పక్కనే..."

ఎర్రమ్మ మధ్యాహ్నం అంబటేళకు అన్నానికి పిలవడానికి వచ్చేసరికి, తాత తల ఒక్కటే తయారైంది. రెండో మనిషి దాకా కథ ఇంకా రాలేదు.