గొంతు సవరించుకునే పెడల్

నేను ఒక వా పెడల్‌ని. మొహం అలా పెట్టకండి, చెబుతాను. కుట్టుమిషను కింద కాలు ఆనించే పలక ఉంటుంది చూడండి, దాని చిట్టి తమ్ముడిలా ఉంటాను. గిటారు వైరు నా పొట్టలో దూరి అవతల స్పీకరుకు పోతుంది. ముందుకు తొక్కితే శబ్దం నోరు తెరుస్తుంది, వెనక్కి వంచితే మూస్తుంది. పాలకోసం పసిబిడ్డ "వా" అన్నట్టుంటుంది కాబట్టి ఆ పేరు. తొక్కించుకుని ఏడవడమే నా వృత్తి. మీ ఇళ్ళల్లోనూ అలాంటివాళ్ళు ఒకరిద్దరుంటారు, పేర్లు అడగను.

పుట్టింది ఇటలీలో. నా తీగలు అతికిన పిల్ల ఒక్కో అతుకుకూ ఒక్కో నిట్టూర్పు విడిచేదనీ, అవన్నీ నాలోనే ఇరుక్కున్నాయనీ చెబుతుంటాను. అబద్ధమనుకుంటే వెళ్ళి కనుక్కు రండి. ఓ నావికుడి సంచిలో విశాఖపట్నం రేవులో దిగాను. అతగాడు మన నెత్తళ్ళనే చిన్న చేపల వేపుడు తిని మతిపోయి, ఇంకో బుట్టెడు ఎండు నెత్తళ్ళకు నన్ను ఇచ్చేశాడు. పుచ్చుకున్నవాడు గోపాలపట్నం పైడిరాజు. పెళ్ళిళ్ళలో, పందిళ్ళలో గిటారు వాయించే ఆర్కెస్ట్రా మనిషి.

ఓసారి అనకాపల్లి పెళ్ళిలో అతను నన్ను గట్టిగా తొక్కాడు. విడిదిలో అలిగి పడుకున్న పెళ్ళికొడుకు మేనమామ, తనకంటే బాగా ఏడ్చేవాళ్ళెవరా అని లేచొచ్చి, ఆ ఊపులో భోజనం చేసేశాడు. పక్కింటి గేదె ఆ పూట రెండు శేర్ల పాలు ఎక్కువిచ్చింది. సరే, శేరున్నర. మీకోసం తగ్గించాను.

పైడిరాజుకు ఒక బెంగ ఉండేది. పాట పలికే వస్తువు సరస్వతి కదా, కాలితో తొక్కడమేమిటని. అందుకని తొక్కే ముందు నన్ను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేవాడు. అతని భార్య నూకరత్నం ఇంకో అడుగు ముందుకేసింది. ఏటా దసరాకు గిటారుకు ఒక బొట్టు పెడితే నాకు మూడు పెట్టేది.

"తొక్కించుకునేదానికి మూడేటే?" అనేవాడు పైడిరాజు.

"తొక్కించుకునేదానికే ఎక్కువ పెట్టాల. నాకు తెల్దా ఏటి?" అనేది.

ఆ కుంకుమ ఏటికేడాది నా సందుల్లోంచి రాలి లోపల పడింది. నేను వంగినప్పుడల్లా తిరిగే చిన్న బిళ్ళ ఒకటి నాలో ఉంది. దాని మీద పేరుకుంది. ముప్పై దసరాలయ్యేసరికి, నన్ను కదిపితే చాలు, తీగ మీటకపోయినా స్పీకర్లో "ఖర్‌ర్... ఖ్హుమ్" అని వినబడేది. మిగతా వాద్యగాళ్ళు నవ్వేవారు. పైడిరాజు బాగుచేయించలేదు.

ఆ శబ్దం అతని సొంత శబ్దం మరి. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో ఇంటినిండా పెద్దవాళ్ళు. వాళ్ళ ముందు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవకూడదు. పైడిరాజు వీధి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకునేవాడు: "ఖర్‌ర్... ఖ్హుమ్". వంటింట్లోంచి నూకరత్నం వచ్చేది. పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ పోయారు, పేరు పెట్టి పిలవచ్చు, అయినా అతను పిలవలేదు. లోకంలో నూకరత్నం పేరు అందరికీ నూకరత్నమే. అతనికి మాత్రం ఖ్హుమ్.

తర్వాత ఆ సవరింపు ఎక్కువైంది. పొద్దస్తమానం దగ్గు. ఆసుపత్రి వాళ్ళు గొంతు కోసి, మనిషిని ఉంచి, మాట తీసేశారు.

ఇంటికొచ్చిన నాలుగోరోజు పైడిరాజు మంచం పక్కన నన్ను పెట్టుకుని, వైరు తగిలించి, కాలితో మెల్లగా కదిపాడు. ఖర్‌ర్... ఖ్హుమ్. వంటింట్లో గిన్నె కింద పడింది. నూకరత్నం పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"పిలిసినావా?" అంది.

అతను మళ్ళీ తొక్కాడు.

రెండేళ్ళు అలా పిలిచాడు. నా బతుకులో నేను వాయించిన గొప్ప కచేరీ అదే. దీన్ని మాత్రం తగ్గించను.

పైడిరాజు పోయిన పదోరోజున బంధువులు అతని వస్తువులు మూటగట్టారు. "కాలి కింద వస్తువు, చెప్పులతో పాటు పంపించండి" అన్నారెవరో. నూకరత్నం గదిలో స్పృహ లేకుండా పడి ఉంది. అలా పాత సామాన్ల కొట్టుకు చేరాను. ఆరేళ్ళు తుప్పుతో కాపురం.

అక్కడ నన్ను చూసి కెవ్వున అరిచినవాడు కరుణాకర్. బ్యాంకులో పని, పాత వా పెడల్స్ కొని బాగుచేయడం పిచ్చి. నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళాడు. పెళ్ళికూతుర్ని కూడా అంత భద్రంగా తీసుకెళ్ళరు. నా అడుగున పైడిరాజు మేకుతో గీసుకున్న పేరు, ఊరు చూసి, వెతుక్కుంటూ వెళ్ళి నూకరత్నాన్ని పట్టుకున్నాడు.

ఆవిడ అతని రెండు చేతులూ పట్టుకుంది. "దాన్ని నాకియ్యకపోయినా పరవాలేదు బాబూ. ఒక్కసారి ఇనిపించు. అంతే."

"ఇప్పుడు పలకట్లేదమ్మా. బాగుచేసి తెస్తాను. మొదట్లో ఎలా ఉండేదో అలా చేసి తెస్తాను" అన్నాడు.

నెల పట్టింది. మంచివాడండీ, ఒక్క భాగం మార్చలేదు, అన్నీ పాతవే ఉంచాడు. తెగిన తీగ అతికాడు. తుప్పు గీకాడు. చివరికి ఆ చిన్న బిళ్ళ విప్పి మందు చల్లి, దూదితో తుడిచాడు. దూది ఎర్రగా వచ్చింది. "అబ్బా, ఎంత మురికో!" అన్నాడు. నేను ఏడుద్దామనుకున్నాను. కరెంటు లేదు.

నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. కరుణాకర్ గిటారు వాయిస్తూ నన్ను తొక్కాడు. ఇటలీలో కూడా నేనంత తీయగా పలకలేదు.

"బాగుంది నాయినా. తీగ మీటకు. ఊరికే తొక్కు" అంది ఆవిడ.

ఊరికే తొక్కాడు.

"ఇంకోపాలి."

తొక్కాడు. తొక్కి, గర్వంగా నవ్వాడు. "చూశారా అమ్మా? చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు."

ఆవిడ సంగతంతా అప్పుడు చెప్పింది. కుంకుమ మాట వినగానే కరుణాకర్ మొహం పాలిపోయింది. "దూది పారేశానమ్మా" అని, "మళ్ళీ వేద్దాం. మీ చేత్తోనే వేయండి" అన్నాడు.

"ముప్పై ఏళ్ళు పట్టినాది బాబూ ఆ గొంతు తయారవడానికి. నాకు డెబ్బై దాటిపోనాయి." తప్పు అతనిది కాదన్నట్టు ఆవిడే అతని భుజం తట్టింది.

కరుణాకర్ తల వంచుకున్నాడు. ఏం తోచిందో, నన్ను కదుపుతూ తనే గొంతు సవరించాడు. "ఖర్‌ర్... ఖ్హుమ్."

నూకరత్నం సగం లేచింది. లేచి, మళ్ళీ కూర్చుంది.

"నువ్వు దగ్గకు నాయినా" అంది. "అది అలగే మొదలవుద్ది."

నన్ను తీసుకోనంది. ఇప్పుడు కరుణాకర్ ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్నాను. ముందు ఒక చీటీ: ఏ లోపమూ లేదు. వచ్చినవాళ్ళు చదివి మెచ్చుకుంటారు. ఎప్పుడన్నా నన్ను బయటకు తీసి, తీగ మీటకుండా, మెల్లగా తొక్కి చూస్తాడు. నేను నోరు తెరుస్తాను, మూస్తాను. ఇద్దరం స్పీకరు వైపు చూస్తూ కూర్చుంటాం.