తీగ చుట్టిన చేతులు

"దాన్ని ముట్టకు" అన్నాడు లింగమూర్తి. అనసూర్య చాప తీసుకుని వెనక వరండాలోకి, బొగ్గు బస్తాల పక్కకి జరిగింది. ముట్టు వచ్చిన మూడు రోజులూ ఆమె చోటు అదే. కుండ ముట్టకూడదు, పొయ్యి ముట్టకూడదు. ఈసారి ముందు గదిలో ఉన్న ఆ రేడియో తీగ చట్రాన్ని కూడా ముట్టకూడదట. దాని మీద తీగ చుట్టింది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినట్టు మాత్రం ఎవరూ ఉండరు.

లింగమూర్తి మిలిటరీలో టెలిఫోన్ తీగలు లాగి వచ్చినవాడు. ఇప్పుడు గోదావరిఖని గనిలోనూ అదే పని. పైలట్ లేని విమానాన్ని కొండల అవతలికి పంపితే మామూలు రేడియో మాట దానికి అందదనీ, పొడుగు అలల రేడియో అయితే నేల పట్టుకుని ఎంత దూరమైనా పోతుందనీ ఆయన పట్టు. రెండేళ్లు ఉత్తరాలు రాయగా రాయగా మిలిటరీ పరిశోధన వాళ్లు చూడ్డానికి వస్తామన్నారు. నచ్చితే, తీగ చుట్టిన మనిషిని ఇంతకంటే పెద్దది చుట్టడానికి జీతమిచ్చి హైదరాబాదు పిలుచుకుంటారట. ఆ ముక్క విన్నప్పుడు అనసూర్యకి ఆ పిలుపు తనకేననిపించింది. ఆశపడ్డందుకు వెంటనే సిగ్గేసింది కూడా.

పొడుగు అలలు పట్టాలంటే తీగ వందల చుట్లు తిరగాలి, ఒక చుట్టు పక్కన ఇంకొకటి, ఎక్కడా ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా. "పుట్టింట్ల బీడీలు చుట్టిన చేతులే గదా, గిదెంత" అన్నాడు మొగుడుగారు. వంటయ్యాక, బట్టలయ్యాక, అత్త కాళ్లకి నూనె రాశాక, వేళ్లు కోసుకుపోతున్నా ఎండాకాలమంతా చుట్టింది. చుట్టగా చుట్టగా దాని గుణం ఆమెకి పట్టుబడింది. చట్రం అంచు గోదావరి వైపు ఉండాలి. ఏటికి అవతల మంచిర్యాలలో మెకానిక్ కుతుబుద్దీన్ రేడియో కూత పంపే మీట నొక్కుతాడు, అంచు అటు ఉంటేనే ఇక్కడ సన్నటి కూత వినిపిస్తుంది, చట్రానికి తగిలించిన చెక్క విమానం బొమ్మ తోక కదులుతుంది. వెడల్పు మొహం అటు తిప్పితే అంతా చచ్చిపోతుంది. ఈ సంగతి చెబితే "నువ్వు నాకు నేర్పుతవా" అన్నాడు. సరేలే అని రోజూ ఊడ్చేటప్పుడు తనే తిప్పి పెట్టేది. అది తన తెలివికే పలుకుతోందని ఆయన మురిసిపోయేవాడు.

మిలిటరీ పెద్దమనుషులు ఇద్దరు ఆ పొద్దున పదింటికి వచ్చారు. చుట్లన్నీ వాళ్లకి కనపడాలని లింగమూర్తి చట్రాన్ని ముందు గదిలో దేవుడి పటంలా నిలబెట్టాడు. అంచు ఉండాల్సిన వైపుకి మొహం తిరిగింది. పదిన్నర నుంచి మధ్యాహ్నం దాకా మీట నొక్కే ఉంచమని కుతుబుద్దీన్‌కి చెప్పి ఉంది. పదిన్నర అయింది, దాటిపోయింది. తోక కదల్లేదు. తలుపు సందులోంచి చూస్తున్న అనసూర్యకి లోపల్లోపల సంతోషమేసింది. ఇదేం బుద్ధి నాకు, అని మళ్లీ తనే తలవంచుకుంది.

లింగమూర్తి చెమటలు కక్కుతూ వెనక్కి వచ్చాడు. "వాళ్లను బయట తీగెలు చూడనీకి తీస్కపోత. నువ్వు జల్ది పోయి సక్కగ చెయ్యి" అన్నాడు గొంతు తగ్గించి. మరి ముట్టు సంగతి ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు. అత్త సారవ్వ గోడవైపు తిరిగి కూచుంది. చీర మరకైందేమోనని వెనక్కి చూసుకుంటూ, దొంగలా లోపలికి పోయి చట్రం అంచుని గోదావరి వైపు తిప్పింది. కూత పలికింది. మళ్లీ వచ్చి తలుపు పక్కన చాప మీద కూలబడింది.

వచ్చినవాళ్లు తోక కదలడం చూసి మెచ్చుకున్నారు. పెద్దాయన తీగ మీద వేలు రాసి, ఇంత వరసగా ఎవరు చుట్టారని అడిగాడు.

"నేనే సార్. డ్యూటీ దిగినంక."

ఆయన తలుపు సందులో ఆమెని చూశాడు. "మీకూ ఇందులో ఏమైనా తెలుసా అమ్మా?"

"నాకేం తెల్వది సార్" అనేసింది.

ఎవరు అనమన్నారు? లింగమూర్తి కళ్లెర్ర చేయలేదు, సారవ్వ దగ్గలేదు. పెళ్లైన తొమ్మిదేళ్లుగా వాళ్లు అంటున్న మాట ఇవ్వాళ తన నోట్లోంచే, అడగగానే, నున్నగా ఊడిపడింది. మొగుడు అబద్ధమాడితే కోపమొచ్చింది గానీ, తన అబద్ధానికి ఒళ్లంతా కాలింది. కోసుకుపోయిన వేళ్లని కొంగులో దాచుకుంది. దాచుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

లోపల వచ్చే సోమవారానికి ప్రయాణం ఖాయం చేస్తున్నారు. లింగమూర్తి నవ్వుతూ అంటున్నాడు: "మా ఇంటిదాన్ని గూడ తోల్కొస్త సార్. వంటకు."

అనసూర్య లేచింది. సారవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిని దాటుకుని, గడప దాటుకుని ముందు గదిలోకి వచ్చి చట్రం పట్టుకుని అడ్డంగా తిప్పింది. కూత ఆగింది, తోక ఆగింది. మళ్లీ తిప్పింది. తోక కదిలింది. పెద్దాయన ఆమె వేళ్లవైపు చూశాడు. లింగమూర్తి నేలవైపు చూశాడు. పరాయి మగవాళ్ల ముందు ఏ ఆడదీ అనని మాట అనాలి, అలాంటి మాట ఎవరూ అబద్ధానికి అనరు, అది తప్ప తన దగ్గర ఇంకో సాక్ష్యం లేదు. మొహం మండిపోతున్నా తల దించలేదు.

"నేను ముట్టుల ఉన్న సార్. అయినా జరసేపటి కింద దీన్ని ముట్టి పలికిచ్చింది నేనే. చుట్టింది గూడ నేనే."