ఫొటో కోసం ఎక్కిన గద్దె

రాజధాని నడిబొడ్డున ఒక చౌక్ ఉండేది. భూమి పోయినవాళ్ళు, నౌకరీ రానివాళ్ళు, జీతం అందనివాళ్ళు, ఎవరి బాధ వాళ్ళు చాపేసుకుని కూర్చునే జాగా అది. పైవాళ్ళకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. ఒకరోజు వేపచెట్లు కొట్టేసి, చాయ్ బండ్లు తరిమేసి, కూర్చున్న జనాన్ని వ్యాన్లెక్కించి, చుట్టూ నీలం రేకులు నిలబెట్టారు. రేకుల మీద 'ప్రజాస్వామ్య ప్రాంగణం' అని రాయించారు. జనం కూర్చుంటే లేపిన ఆ పెద్దమనుషులే, ప్రాంగణానికి నమూనా కావాలని, జనం ఎలా కూర్చుంటారో చూసి రమ్మని నిపుణులను ఊళ్ళ మీదికి తోలారు. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి ఉంటుందా అంటే ఉండదు. కానీ దానికి ఒక ఆఫీసు, ఆ ఆఫీసుకు ఒక ఏసీ బండి, ఆ బండిలో నీళ్ళ సీసాలు అన్నీ సమకూరాయి.

ఆ బండే ఎండాకాలం నడిమధ్యలో దేవరకొండ దాటి, గుట్టల పక్కన, గొర్లు కాసే గుర్వమ్మ ఉండే ఊరికి వచ్చింది.

అందులోంచి అమరేందర్ అనే ఆర్కిటెక్టు దిగాడు. నార చొక్కా, మెడలో కెమెరా. వెనకే అతని కింద పనిచేసే ప్రణీత అనే పిల్ల, చేతిలో గొడుగు. ఊరి నడుమ రాతి గద్దె ఉంది. నలుగురు కూర్చుని పంచాయతీలు తెంపే పాత గద్దె. అమరేందర్ దాని దగ్గరికి పోయి, దేవుణ్ణి ముట్టుకున్నట్టు ముట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"మనకు కావలసింది ఇదే. ఇక్కడ అందరూ సమానంగా కూర్చుంటారన్నమాట" అన్నాడు.

"అందరు సార్. చిన్న లేదు, పెద్ద లేదు" అన్నాడు నాగేందర్. అతను సర్పంచ్ మంజులత మొగుడు. సీటు ఆడవాళ్ళకు వస్తే భార్యను నిలబెట్టి గెలిపించుకుని, మరునాటి నుంచి తానే సర్పంచ్ అయి తిరుగుతున్నాడు. తన బండి మీద కూడా సర్పంచ్ అనే రాయించుకున్నాడు. అసలు సర్పంచ్ ఆ సమయంలో ఇంట్లో వచ్చినవాళ్ళ కోసం కోడికూర వండుతోంది.

గుంపు వెనక నిలబడ్డ గుర్వమ్మకు నవ్వు ఆగలేదు. సమానమట. ఆమె ఆ గద్దె ముందర ఎన్నిసార్లు నిలబడిందో ఆమె కాళ్ళకే తెలుసు.

గుర్వమ్మది గొర్ల మంద. మొగుడు పోయాక అందరూ అమ్మేయమన్నారు. అమ్మలేదు. కర్ర పట్టుకుని తానే వెంట పోయింది. మంద పొద్దున మేతకు పోయి, ఎండ ఎక్కేసరికి కుంట మీదికి నీళ్ళకు దిగాలి. కుంటకు దిగే బాట తాతల నాటిది. ఆ బాట పక్కన కిష్టయ్య పటేల్ బత్తాయి తోట పెట్టాడు. తోట పెట్టినవాడు ఊరుకోక, పోయిన ఏడాది బాటను కూడా తోటలో కలిపేసుకుని రాతి కడీలు పాతి ముండ్ల తీగ లాగాడు. ఇప్పుడు మంద డాంబర్ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోవాలి. లారీలు ఆగవు. సూడి గొర్రెలు కడుపులతో సహా రోడ్డు మీద పచ్చడయ్యాయి. బాట తెరవకపోతే ఈ ఎండాకాలంలోనే మంద మొత్తం కటికవాళ్ళకు అప్పజెప్పాలి. ఆమెకు చేతనైన పని ఇంకోటి లేదు, చేయాలని కూడా లేదు.

అడగలేదా అంటే అడిగింది. ఆ గద్దె కిందే నిలబడి అడిగింది. గద్దె మీద ఎవరు కూర్చున్నారు? కిష్టయ్యే. కిష్టయ్య మీది ఫిర్యాదును కిష్టయ్యే వింటాడు. పక్కన అతని బామ్మర్ది, ఆ పక్కన నాగేందర్. ఆమె నోరెత్తితే చాలు, ఒకటే మాట.

"కింద నిల్సున్నోల్ల మాట చెల్లదు. మాట గద్దె మీదికెల్లి రావాలె. పైన మేం మాట్లాడుకుంటం, నువ్వు జర ఆగు" అనేవాడు కిష్టయ్య.

ఆ ఊరి కట్టు అది. మాట గద్దె మీంచే తెగాలి. తెగేదాకా పైనున్నవాణ్ణి ఎవడూ కిందికి దించకూడదు. మధ్యలో దిగినవాడికి ఇక ఆ పంచాయతీలో నోరు లేదు. ఎప్పుడో కొట్లాటలయి తలలు పగిలితే పెట్టుకున్న కట్టు. మగవాళ్ళు పెట్టుకున్నారు, మగవాళ్ళే పాటించారు. ఆడది గద్దె ఎక్కకూడదని వేరే కట్టు పెట్టే అవసరం ఎవరికీ రాలేదు. ఏ ఆడదీ ఎక్కలేదు గనక.

అమరేందర్ ముందుగా పెద్దలను కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. కిష్టయ్య మీసం సవరించుకున్నాడు. నాగేందర్ సెల్లు చొక్కా జేబులో కనబడేలా పెట్టుకున్నాడు. ప్రణీత కెమెరాలోకి చూసి అమరేందర్ చెవిలో ఏదో అంది.

"నిజమే. అందరూ మగవాళ్ళే అయిపోయారు. ఇలా పంపిస్తే పైన ఒప్పుకోరు" అన్నాడతను. తర్వాత గుంపు వైపు తిరిగాడు. "ఇప్పుడు ఆడవాళ్ళు ఎక్కండి. పెద్దాయనా, మీరంతా కాసేపు కిందికి దిగాలి. ఫ్రేములో వద్దు."

కిష్టయ్య ముఖం మాడిపోయింది. నాగేందర్ పరుగెత్తి పోయి అతని చెవి దగ్గర వంగాడు.

"ఫొటో కొరకె పటేలా. తీసుడు, దిగుడు, అంతె. పట్నంల గింత పెద్దగ పెడ్తరట. మన ఊరి పేరు ఉంటది."

పేరు అనగానే కిష్టయ్య మెత్తబడ్డాడు. పేరంటే ఆ మనిషికి అంత పిచ్చి. బడికి ఇచ్చిన ఫ్యాను రెక్కల మీద కూడా పేరు రాయించుకున్నాడు, తిరిగేటప్పుడు కనబడదని ఎవరూ చెప్పలేకపోయారు. పంచె ఎగ్గట్టుకుని దిగాడు. మిగతావాళ్ళూ దిగారు. మంజులతను ఇంటి నుంచి పిలిపించారు. చేతులకు కారం అంటుకుని ఉంది, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. ముసలి బక్కమ్మ చెప్పులు విడిచి, గద్దెకు దండం పెట్టి, భయపడుతూ అంచు మీద కూర్చుంది. ఇంకో ఇద్దరు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. గుర్వమ్మ మాత్రం చెప్పులతోనే ఎక్కి నడుమ కూర్చుంది.

"అట్లా బొమ్మల్లా చూడొద్దు. సహజంగా ఉండాలి. ఏదైనా మాట్లాడుకోండి. మీ ఊరి సమస్య ఏదైనా సరే" అన్నాడు అమరేందర్.

"ఏదైన మాట్లాడొచ్చునా సారూ?" అడిగింది గుర్వమ్మ.

"ఏదైనా అమ్మా. ప్రజాస్వామ్యం అంటేనే అది."

"అయితె ఇనున్రి" అని గుర్వమ్మ మొదలుపెట్టింది. కుంట బాట గురించి చెప్పింది. కడీలు ఎవరు పాతారో, ఏ రాత్రి పాతారో, తీగ ఎవరి ట్రాక్టరులో వచ్చిందో చెప్పింది. లారీ కింద పడ్డ సూడి గొర్రె కడుపులోంచి పిల్ల బయటికొచ్చి ఎంతసేపు కాళ్ళు ఆడించిందో చెప్పింది. అమరేందర్ అటునుంచీ ఇటునుంచీ ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. ఆమె చేతులు బాగా ఊపుతోందని మెచ్చుకున్నాడు. ఒక్క ముక్క కూడా అతని చెవిన పడలేదు.

"చాలమ్మా. బ్రహ్మాండంగా వచ్చింది. ఇక దిగండి" అన్నాడు.

"దిగను సారూ. మాట తెగలె."

కింద కిష్టయ్యకు అప్పుడు వెలిగింది. నల్లబడ్డాడు. "ఏందే గుర్వమ్మ, ఆటలా? దిగు" అన్నాడు.

"గద్దె మీదున్నోల్లను మాట తెగకముందుకు దించుతరా పటేలా? గా కట్టు మీ తాత పెట్టిందే గద. మీరు కింద నిల్సున్నరు. కిందోల్ల మాట చెల్లదు. జర ఆగున్రి, పైన మేం మాట్లాడుకుంటం."

గుంపులో ఎవడో నవ్వాడు. ఆ నవ్వు పక్కవాడికి, వాడినుంచి ఇంకొకడికి అంటుకుంది. కిష్టయ్య నాగేందర్ వైపు చూశాడు. నాగేందర్ ఆర్కిటెక్టు వైపు చూశాడు. చదువుకున్న పెద్దమనిషి, ప్రజల గొంతు వినడానికి రాజధాని నుంచి వచ్చినవాడు, ఏమైనా అంటాడేమోనని గుర్వమ్మ కూడా చూసింది.

అమరేందర్ కెమెరాకు మూత పెట్టాడు. "ఇది మీ లోకల్ విషయం. మేం ఇందులోకి రాకూడదు" అన్నాడు. ప్రణీత కదలకుండా నిలబడి వింటోంది. "ప్రణీతా, గొడుగు తీసుకో" అని ఆమెను బండెక్కించాడు. కోడికూర కూడా తినకుండా పోయారు. జనం నిజంగా కూర్చునేసరికి ఆ మనిషికి కాళ్ళు నిలవలేదు.

తర్వాత కొన్నాళ్ళకు రాజధానిలో ఆ ప్రాంగణం తయారైంది. ప్రారంభానికి నాగేందర్ బస్సులో జనాన్ని తోలుకుపోయి చూసి వచ్చాడు. నున్నటి రాయితో ఇలాంటి గద్దే కట్టి, చుట్టూ ఇత్తడి గొలుసు కట్టారట. వెనక గోడ మీద గుర్వమ్మ చేయెత్తి మాట్లాడుతున్న ఫొటో నిలువెత్తున ఉందట. కాళ్ళు నొప్పి పుట్టి ఎవరో ముసలాయన గొలుసు దాటి కూర్చోబోతే గార్డు విజిలేసి లేపాడట. ఆ గార్డుకు జీతమిచ్చేదీ ప్రజలే. అంతా చూసి నాగేందర్ అది చాలా బాగుందని చెప్పాడు. అతనికి బాగుంటుంది మరి.

బండి వెళ్ళిపోయిన ఆ రోజు ఊరి గద్దె దగ్గర మాత్రం గొలుసు లేదు.

"ఆడోల్లు మాట తెంపుడేంది? గా కట్టు నేను ఒప్ప" అన్నాడు కిష్టయ్య.

గిరి అనే రైతు ముందుకొచ్చాడు. అతని పొలం గెట్టు పంచాయతీని కిష్టయ్య ఇదే గద్దె మీంచి అతనికి వ్యతిరేకంగా తెంపాడు. "కట్టు లేదంటరా పటేలా? అయితె నా గెట్టు గూడ మల్ల జూద్దాం. మీరు తెంపినయన్ని మల్ల జూద్దాం" అన్నాడు. వెనక ఇంకా నాలుగైదు తలకాయలు ఊగాయి.

కట్టు ఉందంటే కిష్టయ్యకు బాట పోతుంది. లేదంటే ఇన్నేళ్ళు కూర్చుని సంపాదించిందంతా పోతుంది. ఆడవాళ్ళు ఎంతసేపు కూర్చుంటారులే, పొయ్యి ముట్టించే వేళకు వాళ్ళే దిగుతారని వేపపుల్ల నములుతూ నిలబడ్డాడు. నిలబడి ఉండటం అతనికి అలవాటు లేదు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉన్నాడు. గుర్వమ్మ అది చూసి లోపల్లోపల చల్లబడింది.

పొద్దు గుట్టల మీదికి వాలింది. ఊరి ఆడవాళ్ళంతా గద్దె చుట్టే ఉండిపోయారు, ఏ ఇంట్లోంచీ పొగ లేవలేదు. ఇద్దరు ఆడవాళ్ళు దిగుదామా అని గుసగుసలాడారు. "నా కాళ్ళు ఎట్లయిన తిమ్మిరెక్కినయి, దిగుడు నాతోటి గాదు" అంది బక్కమ్మ. వాళ్ళూ ఊరుకున్నారు.

నాగేందర్ గద్దె దగ్గరికొచ్చి పెళ్ళాన్ని గదమాయించాడు. "లే. ఇంటికి పా. పోరగాల్లు ఆకలితోటి ఉన్నరు."

మంజులత తల వంచుకుంది. గెలిచినప్పటినుంచీ ఆమె ఊళ్ళో ఒక్క మాట మాట్లాడలేదు. సంతకం పెట్టమన్నచోట పెట్టింది, అంతే. గుర్వమ్మ ఆమె వైపు చూసింది. ఈ పిల్ల దిగితే మిగతావాళ్ళూ దిగుతారు. అంతటితో బాట పోయినట్టే. దిగొద్దని చెప్పడానికి నోరు తెరిచింది గానీ, ఆ పిల్ల ఇంట్లో రాత్రికి పడే దెబ్బలు తాను పడేవి కావు.

"కూర అండి పెట్టే వచ్చిన. పెట్టుకొని తినున్రి" అంది మంజులత. నాగేందర్‌కు సరిగా వినబడలేదు. ఆమె తలెత్తింది. "కిష్టయ్య మామ కడీలు పీకెయ్యాలె. బాట ఎప్పటి లెక్కనే ఉండాలె. గిది గద్దె మాట."

మొదటిసారి గొంతు వణికింది. అందుకని మళ్ళీ చెప్పింది, ఈసారి వాడకట్టు చివరి దాకా వినబడింది. బక్కమ్మ గద్దె మీద అరచేత్తో కొట్టింది. మాట తెగిందనడానికి గుర్తు అది. ఇన్నాళ్ళూ మగ చేతులు కొట్టిన చప్పుడే ఊరు విన్నది.

తెల్లవారి గుర్వమ్మ మందను తోలుకుని బాట మొదటికి వచ్చింది. మాట ఎవరి మీద పడితే వాళ్ళే తమ చేత్తో తీయాలని కూడా ఆ కట్టులోనే ఉంది. కిష్టయ్య ఒక్కడే వచ్చాడు. జీతగాళ్ళను తెచ్చుకోవడానికి లేదు. కడీ గట్టిగా పాతి ఉంది, అతని వల్ల కాలేదు. కిందా మీదా పడి తీగ మాత్రం ఊడదీసి, అది పైకి ఎగదన్నకుండా చెప్పుకాలితో నేలకు తొక్కి పట్టి నిలబడ్డాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. కుంట నీళ్ళ వాసనకు ముందున్న పొట్టేలు దూకింది. దాని వెనక మంద మొత్తం అతని మోకాళ్ళకు రాసుకుంటూ, పంచె మీద దుమ్ము పోస్తూ, పాదాల మీద పెంటికలు వేస్తూ దిగడం మొదలుపెట్టింది.

గుర్వమ్మ కర్ర ఆనించుకుని పక్కన నిలబడింది. మధ్యలో తీగ కొంచెం పైకి లేచింది.

"గట్టిగ తొక్కు కిష్టయ్యా. పిల్లలకు గీరుకపోతది" అంది.

కిష్టయ్య గట్టిగా తొక్కాడు.